చలికాలానికి థాయ్‌లాండ్: చియాంగ్ మాయ్ మంచిదా, ఫుకెట్ మంచిదా?

డిసెంబరు, జనవరి నెలలకైతే నా ఓటు ఉత్తరాన కొండల మధ్య ఉన్న చియాంగ్ మాయ్‌కే. పగలు 28-30 డిగ్రీలు ఉన్నా, తెల్లవారుజామున 15 దాకా దిగుతుంది. పల్చటి స్వెటర్ చాలు, రాత్రి ఏసీ అక్కర్లేదు.

దక్షిణాన పడమటి తీరంలో ఉన్న దీవి ఫుకెట్‌లో అప్పటికి వానలు తగ్గి, సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. ఈత ఇష్టమైతే అదే సరైన చోటు. కాకపోతే రాత్రి కూడా 24 డిగ్రీల దగ్గరే, తేమ ఎక్కువ.

ఫిబ్రవరి చివరికి లెక్క మారిపోతుంది. ఉత్తరాన పంట మోళ్లు తగలబెడతారు, అడవుల్లోనూ మంటలు రేగుతాయి, ఆ పొగంతా చియాంగ్ మాయ్ లోయలో పేరుకుపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, చిన్నపిల్లలున్నవాళ్లు మార్చిలో అక్కడ ఉండకండి, దయచేసి. అప్పటికల్లా ఫుకెట్‌కి దిగిపోండి.

అన్నట్టు, ఫుకెట్ బదులు కో సముయ్ అనుకుంటే, అది తూర్పు వైపు దీవి. నవంబరులో అక్కడ భారీ వానలు పడతాయి.