నీమ్రాణా కోటలో తెలుగు పెళ్లి: కుదిరినవి, కుదుర్చుకోవలసినవి

మా అక్క కూతురి పెళ్లి మాఘమాసంలో రాజస్థాన్‌లోని నీమ్రాణా కోటలో జరిగింది. వధూవరులిద్దరూ గురుగ్రామ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, వరుడి తల్లిదండ్రులు చాలా ఏళ్లుగా ఢిల్లీలో ఉంటున్నారు, మా వాళ్లంతా విజయవాడ, ఏలూరు చుట్టుపక్కల వాళ్లు. ఎవరో ఒకరు దూరం రాక తప్పని పరిస్థితి కనుక పిల్లలు కోట ప్రస్తావన తెచ్చినప్పుడు పెద్దలు మొదట ఆశ్చర్యపోయినా చివరికి ఒప్పుకున్నారు. ఏర్పాట్ల బాధ్యత పిన్నినైన నా మీద పడింది కాబట్టి, ముందుగా రెండుసార్లు వెళ్లి చూసి, పెళ్లిలో రెండు రాత్రులు అక్కడే ఉండి గమనించిన విషయాలను ఇదే ఆలోచనలో ఉన్న కుటుంబాల కోసం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. 130 మందికి మించని పెళ్లికి, పెళ్లి తంతును శ్రద్ధగా జరిపించుకోవాలనుకునే వారికి ఇంతకంటే అనువైన చోటు నాకు తెలియదు. ఊరంతటినీ పిలవకపోతే మనసొప్పని కుటుంబానికి మాత్రం ఇది తగదు.

కోటలో పెళ్లి అనగానే మన కోటలే ఉన్నాయి కదా, రాజస్థాన్ దాకా ఎందుకని మా బంధువులు చాలామంది అడిగారు. గోల్కొండ, వరంగల్, గండికోట, చంద్రగిరి కోటలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. 1959 నాటి నిబంధనల ప్రకారం అలాంటి కట్టడాలలో కేంద్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా విందులు, వేడుకలు జరపకూడదు, ఆ కట్టుబాటు ఉండటం మంచిదే. హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా 2010 నుంచి హోటల్‌గా నడుస్తున్నది, అక్కడ పెళ్లిళ్లు జరుగుతాయి కూడా, కానీ అది నిజాం కొలువులోని పైగా అనే వంశానికి చెందిన ప్రభువు వికారుల్ ఉమ్రా 19వ శతాబ్దం చివరలో కట్టించుకున్న రాజభవనం. భవనానికీ కోటకూ ఉన్న తేడా పెళ్లి చేసేవారికి బాగా తెలియాలి. భవనం అతిథులను ఆహ్వానించడానికి కట్టినది, కోట వచ్చేవారిని ఆపడానికి కట్టినది. అందుకే కోటలో దారులు మలుపులు తిరుగుతాయి, మెట్లు నిటారుగా ఉంటాయి, ద్వారాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. పెళ్లి ఏర్పాట్లలో మనకు ఎదురయ్యే అందమంతా, కష్టమంతా అక్కడి నుంచే వస్తుంది.

నీమ్రాణా ఢిల్లీ నుంచి జైపూర్ వెళ్లే జాతీయ రహదారికి దగ్గరలో, ఢిల్లీకి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, ఆరావళి కొండవాలులో ఉంటుంది. 1192లో తరాయిన్ యుద్ధంలో పృథ్వీరాజ్ చౌహాన్ ఓడిపోయిన తరువాత ఆ వంశంలో మిగిలినవారు చోట్లు మారుతూ వచ్చి 1464లో ఇక్కడ రాజధాని ఏర్పరచుకున్నారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కాలానికి కోట ముఖభాగం కూలిపోతుండటంతో రాజకుటుంబం కొండ దిగువన ఉన్న మరో భవనానికి మారిపోయింది, ఆ తరువాత నాలుగు దశాబ్దాల పాటు కోట పాడుబడి ఉండిపోయింది. 1986లో పాత కట్టడాల మీద మక్కువ ఉన్న అమన్ నాథ్, ఫ్రాన్సిస్ వాజియార్గ్ అనే మిత్రులు దానిని కొని, కొంచెం కొంచెంగా బాగుచేసి 1991లో కొద్దిపాటి గదులతో విడిదిగా తెరిచారు. ఇప్పుడు గదులు డెబ్బైకి పైగా ఉన్నాయి. ఒకేసారి ఒక నమూనా ప్రకారం కట్టినది కాదు కాబట్టి ఏ రెండు గదులూ ఒకేలా ఉండవు, ప్రతి గదికీ ఒక మహల్ పేరు ఉంటుంది. ఒక గదికి జాలీ కిటికీలు ఉంటే మరొక గదికి విశాలమైన వసారా ఉంటుంది. ఈ వైవిధ్యం చూడముచ్చటగా ఉన్నా, బంధువులకు గదులు కేటాయించేటప్పుడు ఎవరికి ఏ గది అన్నది చిన్న విషయం కాదని మన పెళ్లిళ్ల సంగతి తెలిసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. నేను ప్రతి గదినీ చూసి, మెట్ల సంఖ్య రాసుకుని, ఆ తరువాతే పేర్లు వేశాను.

తెలుగు పెళ్లికి కోట ఎంత చక్కగా అమరుతుందో విడిది ఏర్పాటులో నాకు మొదట అర్థమైంది. నగరంలోని హోటల్లో ఆడపెళ్లివారు మూడో అంతస్తులో, మగపెళ్లివారు ఐదో అంతస్తులో ఉండి, ఒకే లిఫ్టులో ఎదురుపడి నవ్వుకుని వెళ్లిపోతారు. ఎదురుకోలు అన్న మాటకు అక్కడ అర్థమే మిగలదు. ఇక్కడ పెళ్లివారు కొండ కింద దిగి, మేళతాళాలతో ఏటవాలు దారిలో నడిచి వస్తుంటే, మేము పై ద్వారం దగ్గర పానకం బిందెలు, పన్నీరు బుడ్లు, పూలదండలు పట్టుకుని నిలబడ్డాము. మలుపు దగ్గర నాదస్వరం ముందుగా వినబడింది, తరువాత గొడుగు కనబడింది, ఆ తరువాత వరుడు కనబడ్డాడు. వియ్యంకులిద్దరూ ద్వారబంధం కింద కౌగిలించుకున్నప్పుడు మా బావగారి కళ్లు చెమర్చాయి. ఎదురుకోలు అనేది ఎదురు వెళ్లి కలుసుకోవడమని, అందుకు నడవవలసిన దూరం, ఆగవలసిన వాకిలి ఉండాలని నేను ఆనాడే తెలుసుకున్నాను. మగపెళ్లివారికి ఒక వైపు మహళ్లు, మాకు మరో వైపు మహళ్లు కేటాయించడం వల్ల స్నాతకం, కాశీయాత్ర, మంగళస్నానాలు, గౌరీపూజ ఎవరి ముంగిట్లో వారికి తీరికగా జరిగాయి.

ఇక మెట్ల సంగతి. నడక తప్పించుకోవడానికి వీలు లేని చోటు ఇది. మా అమ్మమ్మకు 84 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. ఆమెకు మండపానికి అతి దగ్గరగా ఉన్న గది ఇచ్చి, రెండు రోజులూ ఆమె ఎక్కవలసిన మెట్లు ఇరవైకి మించకుండా చూశాము. ఎదురుకోలు చూడటానికి మాత్రం కుర్రవాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. పెళ్లికూతురిని మేనమామలు బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చే ఆచారం మా ఇంట ఉంది. రాతిమెట్ల మీద ఇద్దరు నడివయసు మనుషులు ఆ బుట్ట ఎత్తుకుని రావడం ఊహించుకుంటేనే నాకు భయం వేసింది. అందుకని గౌరీపూజను మండపం ఉన్న అంగణానికి సమతలంగా ఉన్న గదిలోనే పెట్టించాము, బుట్ట నలభై అడుగుల దూరం నున్నని నేల మీదే వచ్చింది. చక్రాల కుర్చీలో ఉండే పెద్దలు, గుండె జబ్బు ఉన్నవారు దగ్గరి బంధువులలో ఎక్కువమంది ఉంటే ఈ కోటను ఎంచుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. పెళ్లి ఎంత అందంగా జరిగినా, తాతగారు గదిలోనే ఉండిపోవలసి వస్తే అది మనసులో ముల్లులా మిగిలిపోతుంది.

అగ్నిహోత్రం విషయంలో ముందుగానే మాట్లాడుకోవాలి. పాత రాతి గచ్చు మీద నేరుగా వేడి తగిలితే రాయి బీటలు వారుతుంది కాబట్టి, మేము మందంగా ఇసుక పరిపించి, దాని మీద ఇటుకలు పేర్చి, రాగి హోమగుండం పెట్టాము. పైకప్పు లేని అంగణాన్ని ఎంచుకోవడం వల్ల పొగ బెడద లేకపోయింది. పసుపు గురించి కూడా ఎవరూ ముందుగా ఆలోచించరు. సున్నపు గోడకు తడి పసుపు తగిలితే ఎర్రబడుతుందని, దిష్టినీళ్లు కలిపే అలవాటున్న ప్రతి ఇంట్లోనూ తెలిసినదే. ఐదు వందల ఏళ్ల నాటి గోడల మీద మన పెళ్లి గుర్తులు మిగల్చడం న్యాయం కాదు. మంగళస్నానాల దగ్గర, తలంబ్రాల దగ్గర మందపాటి దుప్పట్లు పరిచి, గోడల వైపు తడికలు నిలబెట్టాము. తలంబ్రాల సమయంలో పోటీపడి పోసుకుంటుంటే దుప్పటి దాటి వెళ్లిన బియ్యాన్ని మా పిల్లలే ఏరి తెచ్చారు.

మా ముహూర్తం రాత్రి 11 గంటల 12 నిమిషాలకు. బహిరంగ ప్రదేశాలలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు, లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మన ముహూర్తాలలో సగం ఆ వేళలోనే పడతాయి కాబట్టి దీనిని తెలుగువారు ముందే లెక్కలోకి తీసుకోవాలి. మేము మైకు పూర్తిగా మానేశాము. మండపం చుట్టూ అతిథులను దగ్గరగా కూర్చోబెట్టి, సన్నాయి, డోలు బృందాన్ని తలుపులు మూసిన పక్క హాలులో ఉంచాము. మైకు లేకపోవడం లోటు అవుతుందనుకున్నాను, కానీ ఆ రాత్రి పురోహితుడి గొంతు రాతిగోడల మధ్య ఎంత స్పష్టంగా వినిపించిందంటే, ఇన్నేళ్లలో నేను వెళ్లిన పెళ్లిళ్లలో మహాసంకల్పం మొదటి నుంచి చివరి దాకా వినడం అదే మొదటిసారి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఎవరూ మాట్లాడలేదు. మామూలు కల్యాణ మండపంలో ఆ నిశ్శబ్దం దొరకదు.

భోజనాల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. రాజస్థానీ వంటకాలు ఆ వంటవాళ్ల చేతిలో పుట్టినవే కనుక రుచిగా ఉన్నాయి. మన పులిహోర, ముద్దపప్పు, గుత్తివంకాయ, బూరెలు ముందుగా ఒకసారి చేయించి రుచి చూశాక కుదిరాయి. ఆవకాయ, గోంగూర, నల్లకారం, నెయ్యి మాత్రం ఇంటి నుంచే తీసుకువెళ్లాము, అరటి ఆకులు ఢిల్లీ నుంచి తెప్పించాము.

పొరపాటు జరిగినది రవాణాలోనూ, అలంకరణలోనూ. ఊళ్లోని సన్నని వీధుల గుండా కోట దగ్గరికి వెళ్లాలని చెప్పినా, మేము మాట్లాడుకున్న ట్రావెల్స్ వారు విమానాశ్రయానికి పెద్ద బస్సు పంపారు. అది రహదారి దగ్గరే ఆగిపోయింది, చిన్న వాహనాలు కుదుర్చుకునేసరికి గంటన్నర గడిచింది, పిల్లలు ఆకలితో ఏడ్చారు. అలంకరణకు పిలిచినవారు థర్మకోల్ స్తంభాలు, ప్లాస్టిక్ పూలు లారీ నిండా తెచ్చారు. నిజమైన స్తంభాల ముందు ఆ తెల్లని బొమ్మ స్తంభాలు నిలబెట్టబోతుంటే నేను ఒప్పుకోలేదు. మామిడి తోరణాలు, అరటి చెట్లు, కొబ్బరి మట్టల పందిరి, బంతిపూలు, దీపాలు చాలు. కోటకు అంతకు మించి ఏది కలిపినా తగ్గించడమే అవుతుంది.

ఖర్చు లెక్క వేసేటప్పుడు హాలు అద్దె అన్న పద్దు మీద దృష్టి పెట్టి లాభం లేదు. ఇటువంటి చోట గదుల అద్దె అసలు ఖర్చు, రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి 18 శాతం జీఎస్టీ కూడా కలుస్తుంది. విమాన టిక్కెట్లు, పురోహితుడి ప్రయాణం, నాదస్వర బృందం వసతి వేరుగా చూసుకోవాలి. మా మట్టుకు మాకు, విజయవాడలో వెయ్యి మందితో చేస్తే అయ్యే ఖర్చుకూ దీనికీ పెద్ద తేడా రాలేదు, ఎందుకంటే పిలిచిన వారి సంఖ్య ఎనిమిదో వంతుకు తగ్గింది. పిలవలేకపోయిన వారి కోసం తరువాత ఏలూరులో సత్యనారాయణ వ్రతం చేసి భోజనాలు పెట్టాము. పగటిపూట టికెట్టు కొని కోట చూడటానికి వచ్చేవారు కూడా ఉంటారు కాబట్టి, పూర్తి ఏకాంతం కావాలనుకుంటే కోట మొత్తం తీసుకోవడం గురించి మొదటే అడగాలి. మా తంతు రాత్రి వేళది కావడం వల్ల మాకు ఆ అవసరం రాలేదు.

తాళి కట్టి, సప్తపది, హోమాలు ముగిసేసరికి ఒంటిగంట అయింది. పురోహితుడు అరుంధతి దర్శనానికి వధూవరులను పై బురుజు మీదికి తీసుకువెళ్లారు. నా పెళ్లిలో పట్టపగలు ఆకాశం వైపు వేలు చూపించి, కనబడిందా అంటే కనబడిందని తల ఊపాను, మనలో చాలామంది చేసినది అదే. ఆ రాత్రి ఈశాన్యంలో సప్తర్షి మండలం బాగా పైకి వచ్చి ఉంది. తోకలో మధ్యనున్న వసిష్ఠుడిని ముందుగా చూపించి, ఆయన పక్కన ఆనుకుని ఉన్న చిన్న చుక్కను చూడమన్నారు. మా అమ్మాయి కాసేపు వెతికి, చటుక్కున వరుడి చేయి పట్టుకుని చూపించింది. ఆ తరువాత మేమందరం ఒక్కొక్కరుగా వెళ్లి చూశాము. నలభై ఆరేళ్ల వయసులో నేను అరుంధతిని నిజంగా చూసింది ఆ బురుజు మీద నుంచే, ఈ కోటను నేను మెచ్చుకోవడానికి ఆ ఒక్క సంగతే చాలు.

మాఘ, ఫాల్గుణ మాసాలు ఇక్కడికి అనుకూలం. మాఘంలో రాత్రి చలి గట్టిగానే ఉంటుంది, పంచె, ఉత్తరీయంతో పీటల మీద కూర్చునే వరుడికి శాలువా, పెద్దలకు కంబళ్లు సిద్ధంగా ఉంచాలి. డిసెంబరు, జనవరి నెలలలో ఢిల్లీ పొగమంచు వల్ల విమానాలు ఆలస్యమవుతాయి కనుక మార్గశిర ముహూర్తమైతే బంధువులను ఒక రోజు ముందే రప్పించుకోవడం మేలు. వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో ఆ రాతినేల మీద పగలు కాలు పెట్టలేరు. ఆ నెలలలో తప్ప ముహూర్తం కుదరని కుటుంబాలకు నీమ్రాణాను నేను సూచించను.