క్రెడిట్ కార్డు పాయింట్లతో సింగపూర్, జపాన్, కొరియా: మైళ్లా, బ్యాంకు సైటా, హోటళ్లా, ఏది మేలు?

"ఏంది వదినా, మీకు విమానం టికెట్లు ఊరికే వచ్చినాయంట కదా?" అని పక్క షాపు అమ్మాయి అడిగింది. మొన్న పెళ్లిలో ఇంకో ఇద్దరు అడిగారు, ఒంగోలు నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి మరీ అడిగాడు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను.

ఊరికే అయితే రాలేదు. నెల్లూరు దగ్గర కోవూరులో మాది చెరువుల్లో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు, మోటార్లు, పైపులు అమ్మే షాపు. సరుకంతా క్రెడిట్ కార్డు మీదే తెస్తాం. రైతుల దగ్గర నుంచి డబ్బు వచ్చినా రాకపోయినా గడువు తేదీకల్లా బిల్లు పూర్తిగా కట్టేస్తాం, ఈ విషయంలో మా ఆయన ఎవరి మాటా వినరు, ఎందుకంటే బాకీ మిగిలితే చాలా కార్డులు నెలకి మూడున్నర శాతం పైనే వడ్డీ వేస్తాయి, అంటే ఏడాదికి నూటికి నలభై దాటుతుంది, ఆ వడ్డీ ముందు ఏ పాయింట్లూ నిలబడవు. మా కార్డులో నూరు రూపాయలకి రెండు పాయింట్లే వస్తాయి కాబట్టి, సరుకు ఇచ్చేవాళ్లు కార్డు వాడితే రెండు శాతం అదనం అన్నారంటే కార్డు పక్కన పెట్టి నెఫ్ట్ చేసేస్తాం. అలా నాలుగేళ్లలో 4 లక్షల పైచిలుకు పాయింట్లు చేరాయి. వాటితోనే పోయిన నవంబర్లో అత్తయ్యని, మామయ్యని తీసుకుని నలుగురం మూడు దేశాలు చూసొచ్చాం.

ముందు పనికిరాని దారి చెప్పేస్తాను. పాయింట్లు ఇచ్చి బిల్లులో తగ్గించుకోవడం, లేదంటే కేటలాగులో మిక్సీలు, ట్రాలీ బ్యాగులు తీసుకోవడం. మా కార్డులో అలా చేస్తే పాయింటుకి 30 పైసలు. నాలుగేళ్లు కూడబెట్టింది అలా పోగొట్టుకోవద్దు.

మిగిలినవి మూడు. బ్యాంకు సొంత ట్రావెల్ సైట్లో టికెట్ కొనడం, పాయింట్లని మైళ్లుగా, అంటే ఎయిర్‌లైన్ వాళ్ల సొంత పాయింట్లుగా మార్చి టికెట్ తీసుకోవడం, హోటల్ పాయింట్లుగా మార్చి గదులు తీసుకోవడం.

బ్యాంకు సైట్ దారి అందరికీ అర్థమయ్యేది. మంచి కార్డుల్లో పాయింటుకి రూపాయి, కింది స్థాయి కార్డుల్లో 20 పైసల నుంచి 50 పైసలు. ఏ ఎయిర్‌లైన్ అయినా, ఏ తేదీ అయినా, సీటు అమ్మకానికి ఉంటే చాలు దొరుకుతుంది, నలుగురికీ పక్కపక్కన సీట్లు వస్తాయి. ఇది డబ్బు పెట్టి కొన్న టికెట్ కిందే లెక్క కాబట్టి, ఆ ప్రయాణానికి ఎయిర్‌లైన్ వాళ్ల మైళ్లు కూడా మామూలుగా పడతాయి. అయితే కొన్ని కార్డుల్లో మొత్తం ధరలో 70 శాతం దాకానే పాయింట్లు వాడనిస్తారు, మిగతాది కార్డు మీద కట్టాలి. తేదీ మార్చుకోవాలన్నా రద్దు చేసుకోవాలన్నా ఎయిర్‌లైన్ వాళ్లు బ్యాంకు సైట్ వాళ్లనే అడగమంటారు, అక్కడ కొంచెం ఓపిక కావాలి.

మైళ్ల సంగతి లోతైనది. పాయింట్లని మైళ్లుగా మార్చుకున్నాక, ఎయిర్‌లైన్ వాళ్లు మైళ్లకని విడిగా పెట్టిన కొన్ని సీట్లలో మనం వెతుక్కోవాలి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైళ్లని క్రిస్‌ఫ్లయర్ అంటారు. అందులో సేవర్ అని తక్కువ మైళ్లకి దొరికే సీట్లు ఉంటాయి, అడ్వాంటేజ్ అని ఎక్కువ మైళ్లు తీసుకునే సీట్లు ఉంటాయి. దాదాపు 355 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. చెన్నై నుంచి సింగపూర్ నాలుగు గంటలు, అక్కడి నుంచి టోక్యో ఏడు గంటలు. తూర్పు దేశాలకి వెళ్లాలంటే నెల్లూరోళ్లకి ఇది సరైన దారి, ఎందుకంటే సింగపూర్ ఎలాగూ దారిలోనే ఉంది, అక్కడ మూడు రోజులు దిగితే ఒక దేశం కలిసొస్తుంది. రానుపోను కలిపి సేవర్లో తీస్తే ఒక స్టాప్‌ఓవర్, అంటే దారిలో ఇలా దిగి కొన్ని రోజులు ఆగడం, ఉచితం, ఒకవైపు టికెట్‌కి అయితే కొంత రుసుము కట్టి పెట్టుకోవచ్చు.

మూడు దేశాలు తిరిగేవాళ్లకి మైళ్లలో ఇంకో సుఖం ఉంది. డబ్బు పెట్టి కొంటే ఒకవైపు టికెట్ చాలాసార్లు రానుపోను ధరకి దగ్గర్లో ఉంటుంది. మైళ్లలో చాలా ఎయిర్‌లైన్లు ఒకవైపుకి సరిగ్గా సగమే తీసుకుంటాయి. అందుకే మేం టోక్యోలో దిగి, సియోల్ నుంచి వెనక్కి వచ్చేలా రెండు ఒకవైపు టికెట్లు తీశాం. మధ్యలో ఒసాకా నుంచి సియోల్‌కి రెండు గంటల ప్రయాణం, దానికి చవక విమానం డబ్బు పెట్టి కొన్నాం. అంత చిన్న ప్రయాణాలకి మైళ్లు ఖర్చు చేయకండి.

ఇప్పుడు అసలు లెక్క. యూట్యూబ్‌లో అందరూ "పాయింటుకి రెండు రూపాయల విలువ" అంటుంటారు, అది ఎలా వస్తుందో చూడండి. బిజినెస్ క్లాస్ టికెట్ ధర ఒకవైపుకి 1,60,000 అనుకుందాం, అదే మైళ్లలో 70,000 మైళ్లు, పన్నులు 7,000 రూపాయలు అనుకుందాం. పన్నులు పోను 1,53,000ని 70,000తో భాగిస్తే మైలుకి రెండు రూపాయల పైన. బాగానే ఉంది. మరి మా ఇంట్లో ఎవరైనా 1,60,000 పెట్టి బిజినెస్ క్లాస్ కొంటారా? జన్మలో కొనం. మేం కొనేది 42,000 పెట్టి ఎకానమీ. అప్పుడు ఆ 70,000 మైళ్లు మాకు మిగిల్చింది 35,000 రూపాయలు, అంటే మైలుకి 50 పైసలు. పాయింటుకి ఒక మైలు అనుకుంటే, అవే పాయింట్లు బ్యాంకు సైట్లో రూపాయికి పోతాయి. అందుకని మీరు మామూలుగా ఏ టికెట్ కొంటారో దానితోనే పోల్చుకోండి, కొనని టికెట్ ధరతో పోల్చుకుంటే ఎప్పుడూ మైళ్లే గొప్పగా కనిపిస్తాయి.

అత్తయ్య, మామయ్యల విషయంలో మాత్రం ఈ లెక్క నేను పక్కన పెట్టాను. అత్తయ్యకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. తిరుపతి బస్సు దిగితేనే చీలమండలు ఉబ్బుతాయి, అలాంటిది పదకొండు గంటలు కాళ్లు కిందకి వేలాడేసి కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. మామయ్యకి 72 ఏళ్లు, షుగర్ ఉంది. వాళ్లిద్దరికీ పడుకునే సీటు కావాలి, దానికి మైలుకి 50 పైసలే వచ్చినా నాకు ఖరీదు అనిపించలేదు. మాకిద్దరికీ అలాంటి అవసరం లేదు. అందుకే పాయింట్లలో మూడొంతుల పైగా మైళ్లుగా మార్చి వాళ్లకి బిజినెస్ తీశాం, మిగతా పాయింట్లలో కొన్ని, కొంత డబ్బు కలిపి అదే విమానాల్లో మాకు ఎకానమీ బ్యాంకు సైట్లో కొన్నాం. నలుగురికీ కలిపి సేవర్లో బిజినెస్ సీట్లు వెతికితే ఎక్కడా దొరకలేదు. ఇద్దరికి అంటే పది నెలల ముందు దొరికాయి.

అలా విడివిడిగా తీసినప్పుడు కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. రెండు బుకింగులూ ఒకే కుటుంబానివని ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పాలి. వీల్‌చైర్, శాకాహార భోజనం పెద్దవాళ్ల బుకింగ్‌లో విడిగా అడగాలి, భోజనం అయితే కనీసం 24 గంటల ముందు. ముందు క్యాబిన్లో వాళ్ల పక్కన మనం ఉండం, భాష రాదు. నేను ఇంగ్లీషులో ఒక కాగితం రాసి మామయ్య చొక్కా జేబులో పెట్టాను: మా సీటు నంబర్లు, అత్తయ్య గుడ్డు కూడా తినదని, ఆయనకి ఏ మాత్ర ఏ టైముకో, ఇంతే. ఆయన దాన్ని ఎక్కగానే విమాన సిబ్బంది చేతికిచ్చారంట. టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో దిగాక నేను మొదట చూసింది అత్తయ్య కాళ్లు. చెప్పులు మామూలుగా పట్టాయి. "పడుకుని వచ్చినా మే, ఇంట్లో మంచం మీద పడుకున్నట్టే ఉండాది" అన్నది. నాలుగేళ్ల పాయింట్లు ఎక్కడ పోయాయో అని నాకు ఆ తర్వాత ఎప్పుడూ అనిపించలేదు.

పేర్ల విషయం మన జిల్లాల వాళ్లు ముందే చూసుకోవాలి. బ్యాంకులో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. మైళ్ల ఖాతాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే తెరవాలి, బ్యాంకు పేరు దానితో కలవకపోతే పాయింట్లు మారకుండా ఆగిపోవచ్చు. మా ఆయనకి బ్యాంకులో పేరు సరిచేయించుకోవడానికే మూడు వారాలు పట్టింది. పాయింట్లు కార్డు ఎవరిదో వాళ్ల మైళ్ల ఖాతాకే వెళ్తాయి. అందులో నుంచి ఇంట్లోవాళ్లకి టికెట్ తీయాలంటే వాళ్లని నామినీలుగా చేర్చాలి, క్రిస్‌ఫ్లయర్లో ఐదుగురిని చేర్చుకోవచ్చు.

ఇంకో మాట మా తమ్ముడి అనుభవం. పాయింట్లు మారిస్తే అదనంగా బోనస్ మైళ్లు అని ఒక ఎయిర్‌లైన్ ఆఫర్ పెట్టింది. వాడు సీట్లు చూడకుండా లక్షా ఇరవై వేల పాయింట్లు మార్చేశాడు. పిల్లల సెలవులు మేలోనే కదా, మేలో నలుగురికి ఒక్క రోజు కూడా సీట్లు లేవు. ఒకసారి మార్చాక వెనక్కి రావు. ఏడాది తిరిగేసరికి అదే టికెట్‌కి మైళ్లు పెంచేశారు. ఫోన్లో వాడి గొంతు విని నాకు కడుపు తరుక్కుపోయింది, వాడు ఎంత కష్టపడి కూడబెట్టాడో నాకు తెలుసు. ముందు సీటు కళ్లతో చూడండి, తర్వాతే మార్చండి. క్రిస్‌ఫ్లయర్ మైళ్లకి కూడా 36 నెలల గడువు ఉంది, బ్యాంకులో ఉన్నన్ని రోజులు అక్కడే ఉండనివ్వడం మంచిది.

హోటళ్ల దారి మేం లెక్క చూసి వదిలేశాం. అకోర్ అనే హోటళ్ల సంస్థ వాళ్ల పాయింట్లకి విలువ స్థిరం, 2,000కి 40 యూరోలు, తేదీల గొడవ లేదు కాబట్టి కచ్చితంగా ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. మారియట్ హోటళ్లలో పాయింట్లతో వరసగా ఐదు రాత్రులు తీస్తే నాలుగింటికే పాయింట్లు తీసుకుంటారు, ఒకే ఊళ్లో ఉండేవాళ్లకి బాగుంటుంది. మేం ఎక్కడా మూడు రాత్రుల కంటే ఎక్కువ లేము. పైగా జపాన్‌లో గదులు చిన్నవి, మనుషుల లెక్కన ధర కడతారు, నలుగురికి రెండు గదులు తప్పవు, రెండు గదులకి పాయింట్లు ఇస్తూ పోతే విమానానికి ఏం మిగలదు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూల సమయంలో వెళ్లేవాళ్లయితే మాత్రం టోక్యో, క్యోటో గదుల ధరలు చూశాక హోటల్ పాయింట్లు గుర్తుకొస్తాయి.

డబ్బు పెట్టి తీసుకున్న విలాసం ఒక్కటే, హకోనేలో వేడినీటి బుగ్గలున్న ర్యోకాన్లో, అంటే జపాన్ పాతకాలపు పద్ధతి సత్రంలో, ఒక రాత్రి. అక్కడ నేను ఒక తప్పు చేశాను. చాప నేల మీద పరుపు వేస్తారని తెలుసు గానీ, తెల్లారి అత్తయ్య కింద నుంచి లేవలేకపోతుందన్న సంగతి తట్టలేదు, ఇద్దరం పట్టుకుని లేపాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే మంచాలున్న గది అని రాసి అడగండి, ఇస్తారు.

ఐరోపా వెళ్దామనుకునేవాళ్లకి ఈ లెక్క కొంచెం మారుతుంది. సింగపూర్ మీదుగా వెళ్తే చుట్టుదారి అవుతుంది, దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా చూసుకోవాలి. కొన్ని ఎయిర్‌లైన్లు మైళ్ల టికెట్ మీద కూడా ఇంధన సర్‌చార్జి గట్టిగా వేస్తాయి. లండన్ నుంచి బిజినెస్‌లో మన దేశానికి తిరిగొస్తే అక్కడి బయల్దేరే పన్నే 200 పౌండ్లు దాటుతుంది, పారిస్‌లో దిగి రోమ్ నుంచి వచ్చేలా పెట్టుకుంటే ఆ భారం తప్పుతుంది.

పాయింట్లు ఎన్ని ఉన్నా చేతి ఖర్చు తప్పదు. విదేశాల్లో కార్డు గీకితే చాలా కార్డులు మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ వేస్తాయి, రెండు లక్షలు ఖర్చు పెడితే 8,260 రూపాయలు ఊరికే పోతాయి, ఆ రుసుము లేని కార్డు ఒకటి ముందే తీసుకోండి. జపాన్ రైలు పాసు 2023 అక్టోబర్లో ఏడు రోజులకి 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకి పెరిగింది, టోక్యో నుంచి క్యోటోకి ఒక్కసారి వెళ్లేవాళ్లకి విడి టికెట్టే చవక.

ఇంకోటి, నవంబర్ వానలు. చెరువుల పని తగ్గుతుందని ఆ నెల పెట్టుకున్నాం గానీ, 2021 నవంబర్లో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడులో రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, అది కళ్లారా చూసినవాళ్లం. మైళ్ల టికెట్ ఒక రోజు తప్పిపోతే మర్నాటికి సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే ఒక రోజు ముందే చెన్నై చేరి, విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం దగ్గర్లో గది తీసుకుని పడుకున్నాం.

మా తమ్ముడు వాళ్లు పిల్లలతో కలిపి నలుగురు, మేలో తప్ప కుదరదు, అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. వాడికి బ్యాంకు సైట్లో ఎకానమీ కొనుక్కోమనే చెప్పాను. మా అమ్మని మాత్రం వచ్చే ఏడాది మేమే తీసుకెళ్తాం, మిగిలిన 38,000 పాయింట్లు బ్యాంకులోనే ఉంచాం, మళ్లీ సీజన్ సరుకు తెచ్చాక ఎన్ని అవుతాయో చూడాలి.