రెయిలింగ్ పక్క టేబుల్‌తో నా పేచీ

సరస్సు ఒడ్డున ఉన్న ఈ కాఫీ షాపు గురించి ఎవరు ఏం రాసినా బయట రెయిలింగ్ పక్క టేబుళ్ల దగ్గరే మొదలుపెడతారు. ఫోటోలన్నీ అక్కడివే. గుమ్మం దగ్గర పేరు రాయించుకుని నిలబడే జనమంతా వాటి కోసమే. నా పేచీ కూడా వాటితోనే. సరస్సు సరిగ్గా కనబడదనో, కుర్చీలు బాగోలేవనో కాదు. అక్కడ కూర్చుంటే కాఫీ పూర్తయ్యేలోపే చల్లారిపోతుంది. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. కానీ ఇది కాఫీ షాపు కదా. కాఫీ కోసం వచ్చి, ప్రతిసారీ చివరి సగం గోరువెచ్చగా మింగి లేవాల్సి వస్తే కోపం రాదా?

మెనూలో ఏమున్నాయి, ఎన్నింటికి తెరుస్తారు, వైఫై ఎలా ఉంది, ఇవన్నీ ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. కొత్తలో నేను ఇక్కడి కాఫీని తెగ మెచ్చుకునేదాన్ని. ఆ మెప్పు చాలావరకు ఇప్పటికీ చెల్లుతుంది. గింజలు తాజాగా ఉంటాయి, పాలు మరీ మరగబెట్టరు, కప్పు ముందే వేడిచేసి ఇస్తారు. అయితే ఇవన్నీ లోపల గోడ వారగా కూర్చున్నప్పుడే తెలుస్తాయి. బయట కూర్చుంటే ఆ శ్రద్ధంతా గాలికి పోతుంది, అక్షరాలా.

ఎందుకో చూడండి. పగలు ఎండకు నేల వేడెక్కినంత త్వరగా నీళ్లు వేడెక్కవు. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంటే, ఆ చోటులోకి సరస్సు మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఈ గాలి జోరుగా ఉంటుంది. జనం వచ్చేదీ సరిగ్గా అప్పుడే. మూత లేని కప్పులోంచి వేడి ఎక్కువగా ఆవిరి రూపంలోనే పోతుంది. గాలి కదలని చోట కాఫీ పైన తేమ పొర ఒకటి నిలిచి ఆవిరిని కాస్త ఆపుతుంది. గాలి వీస్తే ఆ పొర నిలవదు. వేడి వేడి పాలగ్లాసును పసివాడి కోసం తల్లి ఊది ఊది చల్లార్చినట్టు, ఇక్కడ ఆ పనిని ఎవరూ అడక్కుండానే సరస్సు చేసిపెడుతుంది.

పైగా వీళ్ల కప్పులు. వెడల్పు మూతి, తక్కువ లోతు. కాఫీ మీద పాల నురగతో పోసిన ఆకు బొమ్మ ఫోటోలో బాగా పడుతుంది, అందుకే అవి పెట్టారని నా అనుమానం. మూతి వెడల్పయ్యేకొద్దీ ఆవిరి పోయే దారీ వెడల్పే. పాలు కలిపిన కాఫీకి ఇంకో ఇబ్బంది ఉంది. పాలను 60, 65 డిగ్రీల దగ్గరే ఆపుతారు, 70 దాటితే తీపి తగ్గి కాచిన వాసన వస్తుంది కాబట్టి. అంటే లాటే మన టేబుల్ దగ్గరికి వచ్చేటప్పటికే మరీ వేడిగా ఉండదు. కాపుచినోకి మందపాటి నురగ కొంతవరకు మూతలా పనికొస్తుంది గానీ రెండు గుక్కలయ్యాక అదీ ఉండదు. ఇక ఎస్ప్రెస్సో, అంటే మెషీన్ ఒత్తిడితో దించే చిక్కటి కాఫీ (లాటే, కాపుచినోల్లో పాలు కలిపేది దీంట్లోనే), ఉండేదే 30 మిల్లీలీటర్లు, దాని సంగతి చెప్పక్కర్లేదు. మూత ఉన్న పేపర్ కప్పులో ఇమ్మంటే ఇచ్చారు, వేడి నిలిచింది. కానీ ఆ చిన్న రంధ్రంలోంచి తాగితే వాసన ముక్కుకు అందదు. కాఫీలో సగానికి పైగా రుచి వాసనే.

ఇన్నాళ్లలో ఆ టేబుల్ దగ్గర నాకు నిజంగా నచ్చిన సాయంత్రం, వాళ్ల మెషీన్ పాడైన సాయంత్రం. సెలవు రోజు, గుమ్మం బయటిదాకా క్యూ. నా ముందు ఇద్దరు ఉండగా కౌంటర్ దగ్గర ఏదో తేడాగా అనిపించింది. మామూలుగా ఎస్ప్రెస్సో 9 బార్ల ఒత్తిడి మీద, అంటే చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్ల మీద, ఇరవై అయిదు, ముప్ఫై సెకన్లలో సన్నటి ధారగా దిగుతుంది. ఆ రోజు చుక్క చుక్కగా రాలుతోంది. కాఫీ చేసే కుర్రాడు పొడి మరీ మెత్తగా ఉందేమోనని గ్రైండర్ తిప్పి కాస్త బరకగా పట్టి చూశాడు. లాభం లేదు. ఒత్తిడి చూపించే ముల్లు సగం దాకా వచ్చి అక్కడే ఊగుతోంది. మేనేజర్ వచ్చి నీళ్ల గొట్టం చూశాడు, స్విచ్ ఆపి మళ్లీ వేశాడు, ఎవరికో ఫోన్ చేశాడు. పంపు పోయిందట. కాసేపటికి కౌంటర్ మీద ఒక అట్టముక్క వెలిసింది: ఈ రోజు లాటే, కాపుచినో లేవు.

క్యూలో సగం మంది వెళ్లిపోయారు. ఒకాయన అట్ట రాసిన అమ్మాయితో పెద్ద గొంతుతో మాట్లాడాడు. ఆ అమ్మాయికి పంపు గురించి ఏం తెలుసు పాపం. నా వంతు రాగానే, "పోర్ ఓవర్ ఒక్కటే చేయగలం మేడమ్, ఓ అయిదు నిమిషాలు పడుతుంది, పర్వాలేదా?" అని అడిగింది. ఫిల్టర్‌లో పొడి వేసి, మెషీన్ లేకుండా చేత్తోనే పైనుంచి వేడినీళ్లు పోసి దించే కాఫీ అది. మెనూలో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఎప్పటినుంచో ఉంది. ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు.

పని లేక నిలబడ్డ ఆ కుర్రాడు దాని మీద పూర్తిగా మనసు పెట్టాడు. కాటా మీద 20 గ్రాముల గింజలు తూచి పట్టాడు. కాగితపు ఫిల్టర్‌ను ముందు వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోశాడు. కొద్దిగా నీళ్లు పోసి అర నిమిషం పైన ఆగాడు. తాజా పొడి బుస్సున పొంగింది, వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడమే అది. అది పోకుండా నీళ్లు గుమ్మరిస్తే రుచి సమంగా దిగదు. తర్వాత చుట్లు చుట్లుగా, తొందర లేకుండా మొత్తం 320 గ్రాముల దాకా పోశాడు. మూడు నిమిషాలు దాటాక మూత ఉన్న గాజు కూజా, దాని పక్కన మందమైన చిన్న కప్పు ట్రేలో పెట్టి ఇచ్చాడు.

రెయిలింగ్ టేబుళ్లు ఖాళీగా ఉన్నాయి. గాలి మాత్రం ఎప్పటిలాగే రివ్వున వీస్తోంది, టిష్యూలు ఎగిరిపోతున్నాయి. నేను కొంచెం పోసుకోవడం, తాగడం, మళ్లీ కొంచెం పోసుకోవడం. మిగతాది మూత కింద భద్రం. చివరి గుక్క కూడా వేడిగా ఉంది! కప్పు కప్పుకీ రుచి మారింది కూడా. మొదట చేదు ముందుకొచ్చింది, కాస్త వేడి తగ్గాక పండు లాంటి పులుపు, దాని వెనకాల తీపి. పాలు కలిపిన కాఫీతో ఇదంతా ఆ టేబుల్ మీద ఎన్నడూ తెలియలేదు. ఈ ఏర్పాటు మొదటినుంచీ ఎందుకు పెట్టలేదని మెచ్చుకోలుతో పాటు ఒళ్లు మండింది.

మెషీన్ బాగయ్యాక కథ మళ్లీ మొదటికొచ్చింది. సాయంత్రాలు పోర్ ఓవర్ అడిగితే, "రష్‌గా ఉంది మేడమ్, ఇప్పుడు కుదరదు" అంటారు. ఒక్క కాఫీకి అన్ని నిమిషాలు నిలబడటం వాళ్లకు కష్టమే, కాదనను. కూజా అయినా ఇవ్వొచ్చుగా? మామూలు బ్లాక్ కాఫీని అందులో పోసివ్వమని అడిగాను. కొందరు ఇస్తారు, కొందరు అది పోర్ ఓవర్‌కి మాత్రమే అంటారు. డ్యూటీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి.

అందుకే ఇప్పుడు పొద్దున్నే వెళ్తున్నాను. ఆ వేళకు గాలి పడిపోయి ఉంటుంది. వీచినా నేల వైపు నుంచి నీళ్ల మీదికి పోతుంది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఎండలు ముదిరాక సరస్సులో నాచు పెరిగి ఒక మట్టి వాసన వస్తుంది. నీలి ఆకుపచ్చ నాచు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వల్ల అది వస్తుంది, తొలకరికి నేల నుంచి లేచే వాసనలోనూ ఉండేది అదే. మన ముక్కు దాన్ని లక్ష కోట్ల భాగాల్లో పది భాగాలున్నా పట్టేస్తుంది. ఆ వాసన ముక్కులో ఉండగా మంచి గింజల కాఫీ తాగడం దండగ. పొద్దున అది అటు పోతుంది, మనం బతికిపోతాం. సాయంత్రం దీపాలు వెలిగాక ముసిరే చిన్న పురుగులు కూడా ఆ వేళ ఉండవు. అవి కుట్టవు గానీ కప్పులో పడతాయి.

పొద్దున్న అంతా బాగుందని కాదు. తెరిచిన కాసేపటిదాకా గ్రైండర్ సరిచేసుకుంటూ ఉంటారు, అప్పుడు చేసిన ఎస్ప్రెస్సో ఒక్కోసారి పుల్లగా ఉంటుంది. రెండు మూడు ఆర్డర్లు వెళ్లనిచ్చి అడగడం మేలు. పోర్ ఓవర్‌కైతే ఈ బాధ తక్కువ, అదీ కాక ఆ వేళలో కాదనరు.

మా ఇల్లు ఇక్కడికి నడిచివచ్చేంత దూరం. పొద్దున్నే ఖాళీ, చక్కెర వేసుకోను, నెమ్మదిగా తాగుతాను, ఎక్కువగా ఒంటరిగానే వెళ్తాను. నాకు ఈ షాపు ఇంకా ఇష్టమే కావడానికి ఇవన్నీ కారణాలు. దూరం నుంచి సెలవు రోజు సాయంత్రం నలుగురితో కలిసి వచ్చేవాళ్లకు మాత్రం ఇదే మాట చెప్పలేను. కబుర్లకూ ఫోటోలకూ అయితే రెయిలింగ్ పక్కన నిరభ్యంతరంగా కూర్చోండి, చల్లటి కాఫీ ఏదైనా చెప్పుకోండి. వేడిది తాగాలనుంటే లోపల అద్దం పక్కన రెండో వరుస టేబుల్ అడగండి. సరస్సు అక్కణ్ణుంచీ కనిపిస్తుంది, ఆ టేబుల్‌కి క్యూ ఉండదు. కూజా అడగడం మాత్రం మరిచిపోకండి. పదిమంది అడిగితేనైనా ఇవ్వడం మొదలుపెడతారేమో.