ఓగియన్ మౌనమా, నోడింగ్స్ పాఠమా: టీచరుకు ఏది మేలు?

పిల్లలంటే ఇష్టం ఉంటే చాలు, పాఠం చెప్పేయొచ్చు అనుకుని ఈ పనిలోకి వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ భ్రమ వదిలించినవి రెండు పుస్తకాలు. ఒకటి అమెరికా విద్యా తత్వవేత్త నెల్ నోడింగ్స్ 1984లో రాసిన ‘కేరింగ్’. ఇంకొకటి ఉర్సులా కె. లెగ్విన్ 1968 నాటి ఫాంటసీ నవల ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. ఓగియన్ అందులోని గురువు, మంత్రగాడు. తత్వశాస్త్రానికీ మంత్రగాళ్ల కథకీ పోలికేమిటంటారా? శిష్యుణ్ని పట్టించుకోవడమంటే ఏమిటన్న ప్రశ్న రెండింటిలోనూ ఉంది.

నోడింగ్స్ ఊరికే సిద్ధాంతాలు అల్లిన మనిషి కాదు, ఏళ్ల తరబడి బడిలో లెక్కలు చెప్పారు. ఆమె ఇచ్చే ఉదాహరణ ఒకటి నన్ను బాగా కుదిపింది. లెక్కల్లో వెనకబడ్డ కుర్రాడు తనకు ఆ సబ్జెక్టంటేనే అసహ్యం అంటాడు. లెక్కలంటే ప్రాణం పెట్టే టీచరు, ఓహో ఇదా సంగతి, వీడికి ఇష్టం కలిగిస్తే సరి అనుకుంటుంది. మనమందరం చేసేది అదేగా! నోడింగ్స్ అక్కడే ఆపి నిలదీస్తారు: లెక్కలంటే అసహ్యం ఉన్నవాడికి లోపల ఎలా ఉంటుందో ఒక్కసారైనా ఊహించావా? ఇంకో మెలిక కూడా పెడతారు. మనం చూపే శ్రద్ధ అవతలివాళ్లకు అందాలి, అందకపోతే అది సగంలో ఆగిపోయినట్టే.

వెనక బెంచీలో తల వాల్చుకు కూర్చునే పిల్లవాణ్ని రోజూ పేరు పెట్టి పిలిచి ‘ఏమైంది?’ అని అడిగేవాణ్ని. నా దృష్టిలో అది ప్రేమ. అందరూ వెనక్కి తిరిగి చూస్తారని వాడికి టెన్షన్. ఈ సంగతి ఆ పేజీలు చదివాక గానీ నాకు తట్టలేదు.

ఇప్పుడు నవలకి వద్దాం. గెడ్ అనే చురుకైన కుర్రాణ్ని ఓగియన్ శిష్యుడిగా తీసుకుంటాడు. మంత్రాలు నేర్పుతాడనుకుంటే అడవుల్లో నడిపిస్తాడు, వానొస్తే మంత్రంతో ఆపకుండా చెట్టు కింద పడుకుంటాడు. చదువు ఎప్పుడు మొదలుపెడతారని గెడ్ అడిగితే ఎప్పుడో మొదలైందంటాడు. దారి పక్కన ఒక మొక్కను చూపిస్తే, ‘దీనివల్ల ఉపయోగం ఏమిటి?’ అన్నది గెడ్ సందేహం. తనకు తెలిసి ఏమీ లేదంటాడు గురువు. కుర్రాడు దాన్ని విసిరేస్తాడు.

నోడింగ్స్ కొలబద్దతో చూస్తే ఓగియన్ అక్కడ తప్పినట్టే. శ్రద్ధ ఉంది, అందలేదు. గెడ్ ఓపిక పట్టలేక మంత్రాల బడికి వెళ్లిపోతాడు, అక్కడ గర్వంతో నీడలాంటి ఒక దుష్టశక్తిని లోకంలోకి వదిలి దాని చేతిలో చావు దాకా వెళ్తాడు. తర్వాత మంత్రంతో డేగగా మారి, మనిషి మాట కూడా మరిచిపోయి, ఎగిరొచ్చి వాలేది మళ్లీ ఆ ఓగియన్ చేతి మీదే. ఆయన గుర్తుపడతాడు. ఒక్క మందలింపు ఉండదు. నోడింగ్స్ చెప్పే ‘అందడం’ కొన్నిసార్లు ఏళ్లు పడుతుందని నాకు తెలిసింది ఈ ఘట్టం దగ్గరే. సిద్ధాంతం ఆ ఎదురుచూపును ఇంతలా చూపించలేదు.

అయితే ఓగియన్‌కు ఉన్నది ఒక్కడే శిష్యుడు. సిలబస్ లేదు, పరీక్షల్లేవు. నలభై మంది ముందు నిలబడి మౌనంగా ఉంటే క్లాసు సంతే! ఒకే టీచరు అదే పిల్లలతో కొన్నేళ్లు కొనసాగాలని నోడింగ్స్ 1992లో ఇంకో పుస్తకంలో వాదించారు. ఓగియన్ దగ్గరున్న ఆ తీరికను బడిలోకి తెచ్చే దారి నాకు అందులో కనిపించింది.

ఆమెతో పేచీ లేకపోలేదు. ‘కేరింగ్’కి మొదట ‘స్త్రీ దృక్పథం’ అని ఉపశీర్షిక పెట్టారు. శ్రద్ధ చూపే భారమంతా ఆడవాళ్ల నెత్తిన పడేస్తున్నారని విమర్శ వచ్చింది, అది సబబే. 2013 ఎడిషన్‌లో ‘స్త్రీ’ బదులు ‘సంబంధం’ అనే అర్థమిచ్చే మాట పెట్టారు. రాసిన తీరు కూడా బరువే.

చదివించే గుణంలో నవలదే పైచేయి. కానీ రేపు పొద్దున్నే క్లాసు ఉండి, ఒక్క పుస్తకానికే టైముంటే నేను నోడింగ్స్‌నే తీయమంటాను. మొదటి నుంచి కాదు, చదువు గురించి రాసిన చివరి అధ్యాయంతో మొదలుపెట్టి వెనక్కి రండి. ఓగియన్‌ను సెలవులకు దాచుకోండి.