చందంపేట దిక్కు డిష్ ఇంటర్నెట్ ఎట్లుంది

దేవరకొండ దాటి చందంపేట గుట్టల దిక్కు మా ఊరు, ఫైబర్ ఇంకా రాలే, ఫోన్ సిగ్నల్ డాబా ఎక్కితే గాని దొరకది, అందుకే మా ఆన్‌లైన్ సెంటర్‌కు వీశాట్ (చిన్న డిష్‌తోని శాటిలైట్ నుంచి వచ్చే ఇంటర్నెట్) కనెక్షన్ తీస్కున్నం. బిగించుడు మాత్రం మస్తు చేసిండ్రు. వచ్చిన తమ్ముడు లాప్‌టాప్‌ల మోడెం పేజీ తెరిచి, సిగ్నల్ నంబర్ చూస్కుంట డిష్ వెనక బోల్టు మెల్లగ తిప్పిండు, వెంట్రుకవాసి జరిగినా నంబర్ టక్కున పడిపోతది, మంచిగ లాక్ అయ్యేదాక ఇడిచిపెట్టలే.

స్పీడ్ టెస్ట్‌ల ప్లాన్‌ల చెప్పిన 10 ఎంబీపీఎస్ దగ్గరదగ్గర వస్తున్నది, పింగ్ (అడిగినదానికి జవాబు వచ్చేదాక పట్టే టైం) 600 మిల్లీసెకన్లు పైనే. దానికి కంపెనీని అనొద్దు, శాటిలైట్ ఉన్నదే 35,786 కిలోమీటర్ల ఎత్తుల, మనం అడిగింది పైకి పోయి హబ్‌కు (కింద కంపెనీ పెద్ద స్టేషన్‌కు) దిగాలె, జవాబు మళ్ల పైకెక్కి మన డిష్‌కు రావాలె, కాంతి వేగంతోని పోయినా అర సెకను అయితది. వీడియో కాల్‌ల ఒకరు పూర్తిగ ఆగినంకనే ఇంకొకరు మాట్లాడాలె.

నేనైతే పెద్ద ఫైల్‌తోని టెస్ట్ చేయమంట. టీసీపీ, అంటే ఇంటర్నెట్ల డేటా పంపే పద్ధతి, కొంత పంపి, ముట్టిందని జవాబొచ్చేదాక ఆగుతది. పాత పద్ధతిల ఒక్కసారికి 64 కేబీ మించి పోదు, 600 మిల్లీసెకన్లకు 64 కేబీ అంటే ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా ఒక్క డౌన్‌లోడ్‌కు 1 ఎంబీపీఎస్ కూడ రాదు! ఇప్పటి కంప్యూటర్లల విండో స్కేలింగ్ (ఒక్కసారికి ఇంకా ఎక్కువ పంపే పద్ధతి) ఉంటది, పైగా డౌన్‌లోడ్‌ల హబ్ కాడి మిషనే ముందుగాల "ముట్టింది" అని జవాబు పంపుతది కాబట్టి డౌన్‌లోడ్ నిండుగ వచ్చింది, చూసి మస్తు సంబరమైంది. కానీ వీపీఎన్ (డేటాను తాళమేసి పంపే పద్ధతి) ఆన్ చేస్తే లోపలున్నది హబ్‌కు, మోడెంకు కనవడది, ఆ సాయం పోతది, మాకు స్పీడ్ సగానికి పడ్డది. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవ్వరు చెప్పలే, వీపీఎన్ పని ఉన్నోళ్లు ముందే అడిగి టెస్ట్ చేపిచ్చుకోండ్రి.

సాయంత్రం అందరు వాడేటప్పుడు కొంచెం స్లో అయితది. 2018ల ఎగిరిన ఇస్రో జీశాట్-11 అంత పెద్ద శాటిలైట్‌కే మొత్తం కలిపి 16 జీబీపీఎస్ సుమారు, అది దేశమంత పంచుకునేది మరి.

వానల సంగతి: మాది కేయూ బ్యాండ్ (వానకు తొందరగ బలహీనపడే రేడియో తరంగాలు) కాబట్టి మబ్బు కమ్మి గట్టిగ కొడితే ముందు స్పీడ్ తగ్గుతది, ఇంకా పెరిగితే లింకే పోతది, వాన ఎలిసినంక దానంతటదే వస్తది. రాకపోతే డిష్ కాడ కేబుల్ జాయింట్‌ల నీళ్లు పోయినయేమో చూడుండ్రి. మాకు టేపు సరిగ చుట్టక అదే అయింది, ఫోన్లు చేసి చేసి యాష్టకొచ్చింది గాని మనిషి రానీకి చానా రోజులు పట్టింది, సర్వీస్‌కు మాత్రం 2 స్టార్లే ఇస్తున్న. లైన్‌కు 4.