మైలాపూరులో ఆరు ఆదివారాలు: తెలుగులో అంతర్జాతీయ నేర న్యాయ తరగతులు

మైలాపూరులోని ఒక చిన్న హాలులో ఆరు ఆదివారాల పాటు తెలుగులో జరిగిన అంతర్జాతీయ నేర న్యాయ తరగతులకు నేను 1,200 రూపాయలు కట్టి వెళ్లాను. మద్రాసు హైకోర్టులో పదకొండేళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్నా, యుద్ధాల్లో, ఊచకోతల్లో జరిగే ఘోర నేరాలకు వ్యక్తులను అంతర్జాతీయ చట్టం కింద విచారించే ఈ విషయంలో నాకున్న జ్ఞానం లా కాలేజీలో పరీక్ష కోసం చదివిన నాలుగు పుటలకు మించి లేదు.

మొదటి తరగతిని మాస్టారు మా హైకోర్టు ఆవరణలో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక దాడిని గుర్తుచేసే శిలాఫలకంతో మొదలుపెట్టారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ నౌక మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను పేల్చివేయడం నేరమా, యుద్ధంలో చెల్లే పనేనా, నేరమే అయితే విచారించవలసింది ఎవరు అని అడిగి, అక్కడి నుంచి మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మనీతో కుదిరిన 1919 నాటి వెర్సాయి సంధిలోని 227వ అధికరణానికి వచ్చారు. జర్మన్ చక్రవర్తి కైజర్‌ను బోనెక్కించాలని ఆ అధికరణం చెప్పినా, ఆశ్రయమిచ్చిన నెదర్లాండ్స్ ఆయనను అప్పగించలేదు. రోజూ ఆ ఫలకం పక్కగా నడిచే నాకు ఈ ప్రశ్న ఇన్నాళ్లూ తట్టలేదు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత జర్మన్, జపాన్ నాయకులపై జరిగిన న్యూరెంబర్గ్, టోక్యో విచారణలకు రెండు ఆదివారాలు కేటాయించారు. ఈ తరగతుల్లో అన్నిటికన్నా విలువైన భాగం అదే. న్యూరెంబర్గ్ కోర్టును ఏర్పరచిన 1945 ఆగస్టు 8 నాటి లండన్ ఒప్పందం శాంతికి వ్యతిరేకమైన నేరాలను, అంటే దురాక్రమణ యుద్ధానికి దిగడాన్ని, శిక్షార్హం చేసింది. అయితే అంతకుముందు దేశాల మధ్య కుదిరిన 1928 నాటి కెల్లాగ్-బ్రియాండ్ ఒడంబడిక యుద్ధాన్ని నిరాకరించిందే తప్ప వ్యక్తులకు శిక్ష ఏదీ చెప్పలేదు. చేసిననాటికి నేరం కాని పనికి శిక్ష వేయకూడదన్నది మన రాజ్యాంగం 20వ అధికరణంలోనూ ఉన్న సూత్రం కనుక, టోక్యోలో నిందితులందరూ నిర్దోషులేనని ఆ విచారణలో భారత న్యాయమూర్తి జస్టిస్ రాధా వినోద్ పాల్ రాసిన అసమ్మతి తీర్పు మీద చర్చ గంటన్నర సాగింది. నా పక్కన కూర్చున్న విశ్రాంత మేజిస్ట్రేటు గారు పాల్ పక్షాన నిలిచారు. మాస్టారు ఆయన వాదనను పూర్తిగా విన్న తరువాతే, ఊచకోతలు మాత్రం ఏ దేశపు చట్టంలోనైనా అప్పటికే నేరాలు కదా అని బదులిచ్చారు.

నాలుగో వారం నల్లబల్ల మీద ఒక ఊరి బొమ్మ గీసి, అందులో వంద మందిని చంపారనుకోమన్నారు. పౌరుల మీద విస్తృతంగా గాని, ఒక పద్ధతి ప్రకారం గాని సాగిన దాడిలో భాగంగా, ఆ సంగతి తెలిసే చంపితే అది మానవాళిపై నేరం. వారి జాతిని గాని మతవర్గాన్ని గాని రూపుమాపాలనే ఉద్దేశంతోనే చంపితే అది జాతి నిర్మూలన. మొదటి భావనకు న్యాయశాస్త్రంలో బలమిచ్చిన న్యాయవేత్త లాటర్‌పాక్ట్, రెండో దానికి 1944లో పేరు పెట్టిన న్యాయవేత్త లెమ్కిన్, ఇద్దరూ ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలోనే చదివారు. ఉద్దేశాన్ని రుజువు చేయడం ఎంత కష్టమో సెషన్స్ కోర్టులో చూసినవాణ్ణి కాబట్టి, రువాండాలో 1994 నాటి ఊచకోతలను విచారించిన అంతర్జాతీయ ట్రైబ్యునల్ 1998లో అకాయేసు అనే మేయరు కేసులో పరిస్థితులను బట్టి ఆ ఉద్దేశాన్ని నిర్ధారించిన తీరు నన్ను కదిలించింది.

ఇంత జాగ్రత్తగా చెప్పిన తేడాను చేతికిచ్చిన నోట్సు చెరిపేసింది. ఇరవై మూడో పుటలో రెండు నేరాలకూ ‘నరమేధం’ అనే ఒక్క మాటే వేశారు. దాన్ని నమ్మి పరీక్ష రాసే విద్యార్థి తప్పకుండా నష్టపోతాడు. హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని ఏర్పరచిన రోమ్ శాసనాన్ని కూడా చివరి గంటలోకి కుదించారు. 2002 జులై 1న అమల్లోకి వచ్చిన ఆ శాసనంలో భారతదేశం ఎందుకు చేరలేదో, దేశీయ కోర్టులు నిజాయితీగా విచారిస్తున్నచోట ఆ హేగ్ కోర్టు ఎందుకు తప్పుకోవాలో వివరంగా వినాలని వచ్చిన మాకు ఆకలి తీరలేదు.

అయినా క్రిమినల్ న్యాయవాదులకూ లా విద్యార్థులకూ ఈ తరగతులకు వెళ్లమనే చెబుతాను. నోట్సులోని పొరపాట్లను పెన్సిలుతో గుర్తించి నిర్వాహకులకు ఇచ్చాను. తరువాతి బ్యాచ్‌కు సరిచేస్తామన్నారు. చేరేవారు ముందుగా ఇరవై మూడో పుట తెరిచి చూసుకోవాలి.