హెచ్110 మదర్‌బోర్డు: వెనకున్న ఆ గుండ్రటి పోర్టు కోసమే కొనొచ్చు

ఈ బోర్డులో ఏ ప్రాసెసర్ పడుతుంది, ర్యామ్ ఎంత వరకు వేయొచ్చు అనేవి డబ్బా మీదే రాసుంటాయి, వాటి జోలికి పోను. అనంతపురంలో ఒక డీటీపీ షాపులో కొన్నేళ్లుగా పొద్దస్తమానం పేజ్‌మేకర్, అను ఫాంట్లు, శుభలేఖలు, కరపత్రాలతో నలుగుతున్న బోర్డు ఇది. దీన్ని మెచ్చుకోవడానికి కారణం ఒక్కటే. వెనక వైపు సగం ఊదా, సగం ఆకుపచ్చ రంగులో ఉండే గుండ్రటి పీఎస్/2 పోర్టు, అంటే పాత రకం కీబోర్డో మౌసో పెట్టే చోటు. కొనేటప్పుడు దాన్ని ఎవరూ చూడరు. పాత విండోస్‌ను కొత్త బోర్డు మీదికి తెచ్చుకునే రోజున మాత్రం అదే దిక్కు.

పాత హెచ్61 బోర్డు తీసేసి దీన్ని బిగించి, అదే హార్డ్ డిస్కు, అదే విండోస్ 7తో స్విచ్ వేస్తే ఏమవుతుందో చూడండి. యూఎస్‌బీ కీబోర్డు లైట్లు వెలుగుతాయి. డెలీట్ నొక్కితే బయాస్, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాం, తెరుచుకుంటుంది, బాణాలు కదులుతాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. విండోస్ లోగో దాటి పాస్‌వర్డ్ గడి వచ్చాక అసలు సంగతి తెలుస్తుంది. గడిలో కర్సర్ కొట్టుకుంటూనే ఉంటుంది, ఏ అక్షరమూ పడదు. నమ్ లాక్ నొక్కినా లైటు మారదు. మౌస్ బాణం తెర మధ్యలో పాతుకుపోయి ఉంటుంది. ఇక్కడ చాలామంది కొత్త కీబోర్డు తెచ్చి పెడతారు, వెనకున్న పోర్టులన్నీ మార్చి చూస్తారు, చివరికి బోర్డు పోయిందంటారు. బోర్డుకు ఏమీ కాలేదు.

హెచ్61లో యూఎస్‌బీని నడిపేది ఈహెచ్‌సీఐ అనే పాత రకం కంట్రోలర్. దాని డ్రైవర్ విండోస్ 7లోనే ఉంది. ఇంటెల్ 2015లో తెచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్లలో ఈహెచ్‌సీఐని పూర్తిగా తీసేశారు, మన హెచ్110 ఆ సిరీస్‌లోదే. నల్ల పోర్టయినా నీలం పోర్టయినా అన్నీ ఎక్స్‌హెచ్‌సీఐ అనే కొత్త రకం కంట్రోలర్ కిందికే వస్తాయి. దాని డ్రైవర్ విండోస్ 7లో లేదు. బయాస్‌కు సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉంటుంది కాబట్టి అక్కడ కీబోర్డు ఆడుతుంది. విండోస్ లేచాక బయాస్ పక్కకు తప్పుకుంటుంది, ఇక పలికేవాడు లేడు. పీఎస్/2కు ఈ గొడవేమీ లేదు. దాని డ్రైవర్ విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది.

కాబట్టి పాత బోర్డు విప్పకముందే చేయాల్సిన పని ఒకటుంది. 100 సిరీస్‌కు పనికొచ్చే విండోస్ 7 యూఎస్‌బీ 3.0 డ్రైవర్ ఫోల్డరును డి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. అప్పుడే సెటప్ నొక్కితే ఈ కంప్యూటర్‌కు సరిపడదంటుంది, అందుకని కాపీ చేసి గమ్మున వదిలేయండి. బోర్డు మార్చాక చూసుకుందాంలే అంటే కుదరదు. పెన్‌డ్రైవ్ కూడా యూఎస్‌బీదే, అదీ కనపడదు. నెట్ కార్డు డ్రైవర్ కూడా చాలాసార్లు ఉండదు. సాటా డీవీడీ డ్రైవ్ ఉన్నవాళ్లు మాత్రం బోర్డుతో వచ్చిన డిస్కుతో గట్టెక్కుతారు.

బోర్డు మారాక, కరెంటు తీసేసి ఉండగానే పీఎస్/2 కీబోర్డు పెట్టి స్విచ్ వేయండి. మౌస్ లేకుండానే పనైపోతుంది. లాగిన్ అయ్యాక విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, డి కోలన్ కొట్టి ఎంటర్. బాణాలతో ఫోల్డరు దగ్గరికి పోయి సెటప్ మీద ఎంటర్. అనుమతి అడిగితే ఆల్ట్, వై. మిగతాదంతా ట్యాబ్, స్పేస్. రీస్టార్ట్ అయ్యాక యూఎస్‌బీ మౌస్ బాణం కదిలిందంటే ముగిసినట్టే. పాత బోర్డులో డిస్కు ఐడీఈ అనే పాత పద్ధతిలో నడిచి ఉంటే మాత్రం కీబోర్డు దాకా కూడా రారు, విండోస్‌కు డిస్కు అందలేదని చెప్పే 7బీ బ్లూ స్క్రీన్ ముందే పలకరిస్తుంది. పాత బోర్డు మీద ఉండగానే విండోస్ రిజిస్ట్రీలో, డిస్కును కొత్త పద్ధతిలో నడిపే ఎంఎస్‌ఏహెచ్‌సీఐ సర్వీసుకు స్టార్ట్ విలువ 0 చేసి పెట్టుకోవాలి.

అప్‌గ్రేడ్ తర్వాత కీబోర్డు పలక్కపోతే ప్రతిసారీ ఇదే కారణమని కాదు. ఎక్కడ చచ్చిందో చూస్తే సగం తెలిసిపోతుంది. విండోస్‌లో బాగానే ఉండి, స్విచ్ వేయగానే డెలీట్ మాత్రం పట్టడం లేదంటే ఫాస్ట్ బూట్‌ను అనుమానించండి. యూఎస్‌బీని లేపకుండానే విండోస్‌కు దూకేస్తుంది. విండోస్ 10లో అయితే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ గుండా యూఈఎఫ్ఐ (అంటే బయాస్) సెట్టింగుల్లోకి పోయి దాన్ని ఆపొచ్చు. సీమాస్ క్లియర్ చేయడం, అంటే బయాస్ సెట్టింగులన్నీ చెరిపి మొదటికి తేవడం, చివరి మాట. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న సిస్టంలో ఆ పని చేస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, ముందే రాసి పెట్టుకోండి. ఇక బయాస్‌లోనూ నమ్ లాక్ లైటు మారకపోతే, ముందు వైపు యూఎస్‌బీ 3.0 కేబుల్ పీకి చూడాలి. బోర్డు మీద ఆ కేబుల్ తగిలించే హెడర్‌లో 19 సన్నటి పిన్నులు ఉంటాయి. లావు కేబుల్‌ను రవ్వంత వంకరగా నొక్కినా ఒకటి వంగి పక్కదానికి తగులుతుంది.

ఇంత పొగిడిన ఆ పోర్టుతో చిక్కులు లేకపోలేదు. సిస్టం ఆన్‌లో ఉండగా పీకి పెట్టకూడదు, పెట్టినా రీస్టార్ట్ చేసేదాకా సరిగా గుర్తుపట్టదు. టేబుల్ జరిపినప్పుడు ప్లగ్గు వదులైతే, కీబోర్డు లేదు, ఎఫ్1 నొక్కండి అని తెర మీద రాసి నిలబడుతుంది. ఏ కీబోర్డుతో నొక్కాలో ఆ బయాస్ రాసినవాళ్లకే తెలియాలి. పోర్టు ఒక్కటే కాబట్టి కీబోర్డు పెడితే మౌస్‌కు చోటుండదు. కొత్త పీఎస్/2 కీబోర్డు ఇక్కడ దొరకడం కష్టమైపోయింది. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయేవాళ్లతో తెప్పించుకోవాల్సిందే. యూఎస్‌బీ కీబోర్డుకు తగిలించే చిన్న అడాప్టర్ కొని సంబరపడొద్దు. అందులో తీగలు తప్ప సర్క్యూట్ ఏమీ ఉండదు. కీబోర్డుకే యూఎస్‌బీ, పీఎస్/2 రెండు పద్ధతులూ వస్తే పనిచేస్తుంది, కొత్తవాటిలో చాలావాటికి రాదు.

ఇంకొకటి బ్యాటరీ. షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసే అలవాటు మన దగ్గర ఉన్నదే. అట్లాంటి చోట రాత్రంతా గడియారాన్ని నడిపేది ఆ సీఆర్2032 బిళ్ల ఒక్కటే, త్వరగా చప్పబడుతుంది. 3 వోల్టుల బిళ్ల మీటర్‌లో 2.7 కిందికి దిగితే మార్చేయండి. లేకుంటే తేదీ వెనక్కి పోతుంది, మీరు మార్చిన బయాస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి, ఫాస్ట్ బూట్‌తో సహా.

పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, విండోస్ 7 కదపకుండా ఉంచుకోవాలనుకునేవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో ఈ రకం బోర్డు కొనేటప్పుడు ముందు ఆ గుండ్రటి పోర్టు ఉందో లేదో చూడండి. ధర కొంచెం ఎక్కువైనా ఫరవాలేదు. విండోస్ 7కు 2020 జనవరి 14తో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దాన్ని నెట్‌కు తగిలించకుండా, టైపింగుకూ ప్రింటుకూ మాత్రమే వాడుకునేవాళ్లకే ఈ మాట. విండోస్ 11 కావాలంటే ఈ బోర్డులో పడే 6, 7 తరాల ప్రాసెసర్లు మామూలుగా సరిపోవు. ఆ అవసరం ఉన్నవాళ్లు దీని వైపు చూడక్కర్లేదు.